క్యాన్సర్ కణాల్లో ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్‌ను మార్చే మందులు

జన్యువు నుంచి తొలిగా నకలయ్యే ఆర్‌ఎన్‌ఏలో పనికొచ్చే భాగాలూ, అక్కర్లేని భాగాలూ కలిసే ఉంటాయి. అక్కర్లేనివాటిని కోసేసి, మిగతావాటిని వరసగా అతికితేనే అది ప్రోటీన్ తయారీకి అక్కరకొస్తుంది. కణకేంద్రకంలో జరిగే ఈ పని పేరు స్ప్లైసింగ్. చాలా క్యాన్సర్లలో ఈ పని గతి తప్పుతుంది. గతి తప్పిన కణం చచ్చిపోదు కానీ, మిగిలిన కాస్త స్ప్లైసింగ్ సామర్థ్యం మీదే బతుకు వెళ్లదీస్తూ ఉంటుంది. ఆ ఆధారాన్ని చిన్న అణువుల మందులతో దెబ్బతీయాలన్న ఆలోచన చుట్టూ పెరిగిన పరిశోధనే ఈ వ్యాస విషయం.

చిన్న అణువులంటే ఇక్కడ మాత్రగానో ఇంజెక్షన్‌గానో ఇవ్వగలిగి, కణపొరను సులువుగా దాటే రసాయనాలు. యాంటీబాడీలూ, కృత్రిమంగా తయారుచేసిన జన్యు ముక్కలూ ఈ కోవలోకి రావు. స్ప్లైసింగ్ యంత్రాన్నే గురిపెట్టిన చిన్న అణువుల్లో క్యాన్సర్ చికిత్సకు ఆమోదం పొందినది ఇంతవరకు లేదు. మనుషుల మీద జరిగిన తొలి ప్రయత్నాలు కష్టాన్నే మిగిల్చాయి. అయినా ఈ దారిని మూసేయకపోవడానికి బలమైన కారణాలున్నాయి. వాటిలో ఒకటి క్యాన్సర్‌తో సంబంధం లేని ఒక పిల్లల జబ్బులో దొరికింది.

కోత, అతుకు

1977లో అమెరికాలో రెండు బృందాలు అడినోవైరస్ మీద పనిచేస్తూ ఒకే వింతను చూశాయి. ఒకటి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫిలిప్ షార్ప్ బృందం, రెండోది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో రిచర్డ్ రాబర్ట్స్ బృందం. వైరస్ ఆర్‌ఎన్‌ఏను దాని డీఎన్‌ఏతో జతపరచి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, డీఎన్‌ఏ కొన్నిచోట్ల జత దొరక్క ఉచ్చులుగా పైకి లేచి కనిపించింది. ఆ ఉచ్చుల్లోని సమాచారం చివరి ఆర్‌ఎన్‌ఏలో లేదు. జన్యువు ఒకే గీతలా సాగదనీ, మధ్యమధ్య తెగుతుందనీ అలా తెలిసింది. ఇద్దరికీ 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. నిలిచే భాగాన్ని ఎక్సాన్ అనీ, కోసేసే భాగాన్ని ఇంట్రాన్ అనీ 1978లో వాల్టర్ గిల్బర్ట్ పేర్లు పెట్టాడు.

కోత ఎక్కడ పడాలో చెప్పే గుర్తులు చాలా చిన్నవి. ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ జి, యు అనే రెండు అక్షరాలతో మొదలై, ఎ, జి అనే రెండు అక్షరాలతో ముగుస్తుంది. ముగింపుకు కొంచెం ముందు శాఖాస్థానం అనే చోట ఒక 'ఎ' ఉంటుంది. కోత మొదలయ్యేది ఆ అక్షరం వల్లే. అది ఇంట్రాన్ మొదటి కొసను తెంచి తనకు ముడివేసుకుంటుంది. రెండో అడుగులో ఎక్సాన్లు రెండూ అతుక్కుని, ముడిపడ్డ ఇంట్రాన్ విడిపోతుంది.

ఈ పని చేసే యంత్రం స్ప్లైసియోజోమ్. యు1, యు2, యు4, యు5, యు6 అనే అయిదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వాటిని అంటిపెట్టుకున్న వందకు పైగా ప్రోటీన్లు కలిస్తే అది తయారవుతుంది. ముందే సిద్ధంగా ఉండే యంత్రం కాదిది. ప్రతి ఇంట్రాన్ దగ్గరా కొత్తగా కూడుకుని, పని కాగానే విడిపోతుంది. యు1 ఇంట్రాన్ మొదలును గుర్తుపడుతుంది. యు2 శాఖాస్థానం మీద కూర్చుంటుంది. ఎస్ఎఫ్3బి1 అనే పెద్ద ప్రోటీన్ యు2ను అక్కడ గట్టిగా పట్టి ఉంచుతుంది. యు2ఎఎఫ్1 చివరి 'ఎ, జి'ని పట్టుకుంటుంది. ఎస్ఆర్ఎస్ఎఫ్2 లాంటి ప్రోటీన్లు ఎక్సాన్ లోపలి గుర్తులను పట్టుకుని, ఇది ఉంచవలసిన ముక్క అని సూచిస్తాయి. ఈ పేర్లు గుర్తుంచుకోవాలి. క్యాన్సర్ కథ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ కణికలను బయటపెట్టడానికి సాయపడినవి లూపస్ రోగుల రక్తంలోని యాంటీబాడీలు. సొంత కణాల మీదే దాడిచేసే ఆ యాంటీబాడీలను గాలంగా వాడి, యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, మైకేల్ లెర్నర్ 1979-80 నాటికి వాటిని వేరుచేసి, స్ప్లైసింగ్‌లో వాటికి పాత్ర ఉండాలని ప్రతిపాదించారు.

మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20,000. ఎక్కువ ఎక్సాన్లున్న జన్యువుల్లో 90 శాతానికి పైగా ఒకటి కంటే ఎక్కువ రకాలుగా అతుకుతాయి. ఒకే జన్యువు నుంచి పరస్పరం పోరాడే ప్రోటీన్లు కూడా పుట్టవచ్చు. బీసీఎల్-ఎక్స్ అనే జన్యువు ఒక విధంగా అతికితే కణాన్ని బతికిస్తుంది, మరో విధంగా అతికితే చావుకు తోస్తుంది. తప్పు అతుకు పడి మధ్యలోనే ఆగమనే సంకేతం వస్తే, కణం ఆ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి నాశనం చేస్తుంది. అలాంటి ఆగుసంకేతాన్ని మోసుకొచ్చే ఎక్సాన్‌ను విష ఎక్సాన్ అంటారు. కొన్ని జన్యువులు తమ మోతాదును తామే తగ్గించుకోవడానికి విష ఎక్సాన్లను సహజంగానే వాడుకుంటాయి. మందుల తయారీలో ఇది తర్వాత పెద్ద ఆయుధమైంది.

క్యాన్సర్ చేసే మార్పులు

అమెరికా క్యాన్సర్ జన్యు భాండారంలోని 8,705 మంది రోగుల కణితులను పరిశీలించి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, ఆరోగ్యమైన కణజాలంతో పోలిస్తే కణితుల్లో ప్రత్యామ్నాయ అతుకులు 30 శాతం వరకు ఎక్కువగా కనిపించాయి. వీటిలో చాలావరకు జబ్బుకు కారణాలు కావు, పర్యవసానాలే. కారణాలుగా రుజువైనవి వేరు.

వాటిలో సూటిగా కనిపించేది ఒకే జన్యువులోని అతుకు చెడటం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 3 శాతంలో మెట్ అనే జన్యువు 14వ ఎక్సాన్ జారిపోతుంది. ప్రోటీన్‌ను సకాలంలో తొలగించమని చెప్పే గుర్తు ఆ ఎక్సాన్‌లోనే ఉంది. అది లేకపోయేసరికి ప్రోటీన్ పోగుపడి కణాన్ని విభజనకు తోస్తూనే ఉంటుంది. ఈ రోగులకు 2020లో అమెరికాలో ఆమోదం పొందిన క్యాప్‌మాటినిబ్ తప్పు అతుకును సరిచేయదు, దానివల్ల పుట్టిన ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. మందును తప్పించుకోవడానికి కూడా కణితులు అతుకులు మారుస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో హార్మోన్ మందు అంటుకునే భాగమే లేని ఎఆర్-వి7 అనే రూపం, రక్తక్యాన్సర్‌లో కార్-టి అనే, చికిత్స కోసం మార్చిన రోగనిరోధక కణాల గురి తప్పించే సీడీ19 ప్రోటీన్ రూపం ఇలా పుట్టినవే.

అసలు మలుపు 2011లో వచ్చింది. ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా ఎదగని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ రోగుల్లో జపాన్‌లో సెయిషి ఒగావా బృందం, యూరప్‌లో మరో బృందం స్ప్లైసింగ్ యంత్రపు జన్యువుల్లోనే మ్యుటేషన్లు కనుగొన్నాయి. ఎస్ఎఫ్3బి1, ఎస్ఆర్ఎస్ఎఫ్2, యు2ఎఎఫ్1, జడ్ఆర్ఎస్ఆర్2 అనే నాలుగు జన్యువుల్లో ఏదో ఒకటి దెబ్బతిన్న రోగులు ఈ జబ్బులో సగం మంది దాకా ఉన్నారు. ఎర్రకణాల పూర్వకణాల్లో ఇనుము వలయంలా పేరుకునే రకంలోనైతే ఎస్ఎఫ్3బి1 మ్యుటేషనే అత్యధికులలో కనిపిస్తుంది. అదే ఏడాది దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలోనూ, 2013లో కంటిలోపల పుట్టే యూవియల్ మెలనోమాలోనూ అదే జన్యువు దెబ్బతిన్నట్లు తేలింది.

మ్యుటేషన్ వచ్చిన ఎస్ఎఫ్3బి1 పని మానేయదు, తప్పుగా చేస్తుంది. ఇంట్రాన్ అసలు ముగింపుకు సుమారు 10 నుంచి 30 అక్షరాల ముందున్న మరో 'ఎ, జి' దగ్గర కోత పెడుతుంది. కొన్ని అక్షరాలు అదనంగా చేరడంతో మూడేసి అక్షరాల లెక్క చెడి, చాలా ఆర్‌ఎన్‌ఏలు నాశనమవుతాయి. ఎబీసీబీ7 అనే జన్యువు ఇలా తగ్గడం వల్ల మైటోకాండ్రియాలో ఇనుము పేరుకుంటుంది. సూక్ష్మదర్శినిలో కనిపించే ఆ వలయాలు దాని ఫలితమే. 2019లో మరో ఉదాహరణ దొరికింది. మ్యుటేషన్ ఉన్న ఎస్ఎఫ్3బి1, బీఆర్‌డీ9 అనే జన్యువులోకి విష ఎక్సాన్‌ను చొప్పించి దాన్ని అణచేస్తుంది. ఆ ఒక్క అతుకును సరిచేస్తే ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గింది.

మందుల వేటకు ఊతమిచ్చిన సంగతి వేరే ఉంది. ఈ మ్యుటేషన్లలో రెండు ఒకే కణంలో కలిసి ఉండటం చాలా అరుదు. పైగా జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే చెడుతుంది, రెండోది మంచిదిగానే మిగులుతుంది. మంచి ప్రతి కూడా పోతే కణం బతకలేదు. అంటే జబ్బు కణం అప్పటికే ఒక కాలు కోల్పోయి రెండో కాలి మీద నిలబడి ఉంది. మరికొంచెం ఒత్తిడి పెడితే ఆరోగ్యమైన కణం తట్టుకోవచ్చు, జబ్బు కణం కూలవచ్చు. మ్యుటేషన్ లేని క్యాన్సర్లలోనూ ఇలాంటి బలహీనత ఉంటుందని 2015లో ప్రచురించిన పరిశోధనలు చూపాయి. మిక్ అనే క్యాన్సర్ జన్యువు రెచ్చిపోయిన కణం మామూలు కంటే ఎంతో ఎక్కువ ఆర్‌ఎన్‌ఏను నకలు తీస్తుంది. దాన్నంతా కోసి అతకడానికి స్ప్లైసియోజోమ్ తన శక్తికి మించి పనిచేయాలి.

బాక్టీరియాలిచ్చిన తొలి అణువులు

ఈ జ్ఞానమంతా రాకముందే మందులు దొరికాయి, ఏం చేస్తాయో తెలియకుండా. 1996లో జపాన్ కంపెనీ ఫుజిసావా ఒక సూడోమోనాస్ బాక్టీరియా నుంచి ఎఫ్ఆర్901464 అనే పదార్థాన్ని వేరుచేసింది. 2004లో మెర్షియన్ కంపెనీ పరిశోధకులు స్ట్రెప్టోమైసిస్ ప్లాటెన్సిస్ నుంచి ప్లాడియనొలైడ్లను తీశారు. అంతకు ముందే 1990ల మొదట్లో హెర్బాక్సిడైన్ కలుపుమందుగా వెలుగులోకి వచ్చింది. మూడూ క్యాన్సర్ కణాలను అతి తక్కువ మోతాదులో చంపేవి. 2007లో ఒకే పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. జపాన్‌లోని రైకెన్ పరిశోధన సంస్థలో మినోరు యోషిదా బృందం ఎఫ్ఆర్901464 నుంచి తయారైన స్ప్లైసియోస్టాటిన్-ఎ మీద, ఎయ్‌సాయ్ కంపెనీ బృందం ప్లాడియనొలైడ్ మీద రాసినవి. వేర్వేరు జీవుల నుంచి వచ్చిన రెండు అణువుల గురీ ఒకటే: ఎస్ఎఫ్3బి1 ఉండే ఎస్ఎఫ్3బి సముదాయం.

అవి అక్కడ ఎలా పనిచేస్తాయో 2018లో క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, స్ఫటిక చిత్రాలు చూపాయి. ఎస్ఎఫ్3బి1 తలుపు బందులా తెరుచుకుని మూసుకుంటుంది. శాఖాస్థానపు 'ఎ' సరిగ్గా ఆ బందు సందులోకి దూరాలి, ఆ తర్వాత బందు మూసుకోవాలి. మందు ముందే అక్కడ కూర్చుని బందును తెరిచే ఉంచుతుంది. ఆ సందులోని ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు పనిచేయదు. మందుకు లొంగని కణాల్లో అలాంటి మ్యుటేషన్లు ఎస్ఎఫ్3బి1లోనూ, పక్కనే ఉండే పీహెచ్ఎఫ్5ఎలోనూ దొరికాయి. మందు గురి ఇదేనని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ప్లాడియనొలైడ్‌ను కొంత మార్చి ఎయ్‌సాయ్ తయారుచేసిన ఇ7107, మనుషుల్లో పరీక్షించిన తొలి స్ప్లైసింగ్ నిరోధకం. ముదిరిన గడ్డ క్యాన్సర్లున్నవారికి సిర ద్వారా ఇస్తూ యూరప్‌లోనూ అమెరికాలోనూ జరిగిన రెండు తొలిదశ ప్రయత్నాల ఫలితాలు 2013, 2014ల్లో వెలువడ్డాయి. రక్తకణాల్లో స్ప్లైసింగ్ ఆగిందని రుజువైంది, అంటే మందు చేరవలసిన చోటికి చేరింది. యూరప్ ప్రయత్నంలో దొరికిన మేలైన ఫలితం కొందరిలో జబ్బు కొంతకాలం ముదరకుండా ఆగడం. కానీ రెండు ప్రయత్నాల్లో కలిపి ముగ్గురు రోగుల్లో చూపు దెబ్బతింది. ఆ మందు అక్కడే ఆగిపోయింది.

చూపు ఎందుకు దెబ్బతిన్నదో ఇప్పటికీ తేటతెల్లం కాలేదు. అయినా ఈ ఫలితాన్ని చదివినప్పుడు ఒకటి స్పష్టమవుతుంది. స్ప్లైసింగ్ ప్రతి కణానికీ కావాలి. విభజన చెందని నాడీకణానికి కూడా రోజూ కావాలి. కణితిని బాగా అణచేసే మోతాదుకూ, ఆరోగ్యమైన కణాలు భరించే మోతాదుకూ మధ్య ఖాళీ ఎంతన్నదే ఈ రంగానికి అసలు ప్రశ్న. తర్వాత వచ్చిన ప్రతి మందునూ ఈ ప్రశ్నతోనే తూచాలి.

ఒంటికాలి మీద నిలబడ్డ కణాలపై గురి

ఖాళీని పెంచడానికి తట్టిన తొలి ఉపాయం రోగులను ఎంచుకోవడం. మ్యుటేషన్ ఉన్న కణాలే మందుకు ఎక్కువ లొంగుతాయని ఒమర్ అబ్దెల్-వహాబ్ బృందం 2016లో ఎలుకల్లో చూపింది. ఎస్ఆర్ఎస్ఎఫ్2 మ్యుటేషన్ ఉన్న లుకేమియా ఎలుకలు ఇ7107కు స్పందించాయి, మ్యుటేషన్ లేనివి అంతగా స్పందించలేదు. ఎయ్‌సాయ్ అనుబంధ సంస్థ హెచ్3 బయోమెడిసిన్ నోటితో తీసుకునే హెచ్3బి-8800ను ఇదే ఆలోచనతో తయారుచేసింది. ఈ అణువు మ్యుటేషన్ ఉన్న ఎస్ఎఫ్3బి1నూ, మంచిదాన్నీ ఒకేలా పట్టుకుంటుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. మందు ప్రభావంలో జి, సి అక్షరాలు దట్టంగా ఉండే పొట్టి ఇంట్రాన్లు కోతపడకుండా మిగిలిపోతాయి. అలాంటి ఇంట్రాన్లు ఎక్కువగా ఉన్నది స్ప్లైసియోజోమ్ భాగాలను తయారుచేసే జన్యువుల్లోనే. దాంతో జబ్బు కణంలో యంత్రం తనను తాను తయారుచేసుకోలేని స్థితికి చేరుతుంది. 2018లో ప్రచురించిన ఈ వివరణ నాకు ఈ రంగం మొత్తంలో అందమైన ఆలోచనగా తోస్తుంది.

మనుషుల్లో మాత్రం ఫలితం అంత అందంగా రాలేదు. 84 మంది రోగులతో జరిగిన తొలిదశ ప్రయత్నం వివరాలు 2021లో వచ్చాయి. విరేచనాలు, వికారం, వాంతులు, నీరసం ఎక్కువగా కనిపించాయి. జబ్బు పూర్తిగా గానీ పాక్షికంగా గానీ తగ్గినట్లు లెక్కించదగ్గ స్పందన ఒక్కరిలోనూ లేదు. ఊరట ఒకచోటే దొరికింది. ఎస్ఎఫ్3బి1 మ్యుటేషన్ ఉన్న 15 మంది మైలోడిస్‌ప్లాస్టిక్ రోగుల్లో అయిదుగురికి కొంతకాలం రక్తం ఎక్కించాల్సిన అవసరం తప్పింది. వారిలో టీఎంఈఎం14సి అనే జన్యువు తప్పు అతుకు చికిత్సకు ముందే ఎక్కువగా ఉంది. హీమ్ తయారీకి అవసరమైన పదార్థాన్ని మైటోకాండ్రియాలోకి చేరవేసే ప్రోటీన్ జన్యువది. నెలనెలా రక్తం ఎక్కించుకునే మనిషికి ఆ అవసరం తప్పడం చిన్న విషయం కాదు. కానీ జబ్బు కణాలు తుడిచిపెట్టుకుపోతాయన్న ఆశ నెరవేరలేదు.

జిగురుతో పనిచేసే ఇండిసులామ్

ఇండిసులామ్ కథ వేరే దిక్కు నుంచి వచ్చింది. సల్ఫోనమైడ్ వర్గానికి చెందిన ఈ అణువును 2000 దశకంలోనే ఎన్నో రకాల గడ్డ క్యాన్సర్లలో పరీక్షించారు. కొద్దిమంది స్పందించారు. ఎందుకు స్పందించారో, మిగతావారు ఎందుకు స్పందించలేదో ఎవరికీ తెలియలేదు. 2017లో టెక్సస్‌లో దీపక్ నిజ్‌హవాన్ బృందం, విడిగా ఎయ్‌సాయ్ పరిశోధకులు, రహస్యాన్ని ఛేదించారు. కణంలో పనికిరాని ప్రోటీన్లను తొలగింపుకు గుర్తుపెట్టే డీసీఏఎఫ్15 అనే వ్యవస్థ ఉంది. దానికి మామూలుగా ఆర్‌బీఎం39 అనే స్ప్లైసింగ్ ప్రోటీన్‌తో పని లేదు. ఇండిసులామ్ ఆ రెంటి మధ్య జిగురులా చేరి, ఆర్‌బీఎం39ను నాశనానికి అప్పగిస్తుంది. థాలిడోమైడ్ వర్గపు మందులు మరో వ్యవస్థతో చేసే పనిలాంటిదే ఇదీ.

దీనివల్ల ఒక పాత మందుకు కొత్త అర్థం దొరికింది. డీసీఏఎఫ్15 ఎక్కువగా ఉన్న కణాలే, ముఖ్యంగా రక్త క్యాన్సర్ కణాలు, మందుకు లొంగుతాయని తేలింది. అదే వర్గపు ఇ7820ను స్ప్లైసింగ్ మ్యుటేషన్లున్న రోగుల్లో పరీక్షించారు. ఆశించినంత స్పందన రాలేదు. గురి తెలియని రోజుల్లో రోగులను ఎంచుకోకుండా జరిపిన పాత ప్రయత్నాల వల్ల ఎంత కాలం పోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. మందు ఏ ప్రోటీన్‌ను తాకుతుందో ముందు తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇండిసులామ్‌ను మించిన పాఠం ఈ రంగంలో లేదు.

యంత్రాన్ని నడిపే ఎంజైముల మీద

స్ప్లైసియోజోమ్‌ను నేరుగా తాకకుండా, దాన్ని సిద్ధంచేసే ఎంజైములను అడ్డుకోవడం మరో దారి. సీఎల్‌కే వర్గపు ఎంజైములు, ఎస్ఆర్ఎస్ఎఫ్2 లాంటి ఎస్ఆర్ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి పనిలోకి దింపుతాయి. వాటిని ఆపే సర్టువివింట్, జపాన్‌లో పరీక్షించిన సీటీఎక్స్-712 రోగుల దాకా వచ్చాయి.

ఈ దారిలో నిజంగా ఆశ పుట్టించినది పీఆర్‌ఎంటీ5 అనే ఎంజైము. యు1, యు2 లాంటి కణికల నడుమ ఉంగరంలా అమరే ఎస్ఎమ్ ప్రోటీన్లకు ఇది మిథైల్ గుర్తులు పెడుతుంది. ఆ గుర్తులను చూసే ఎస్ఎమ్ఎన్ అనే మరో ప్రోటీన్ వాటిని చిన్న ఆర్‌ఎన్‌ఏల చుట్టూ అమరుస్తుంది. పీఆర్‌ఎంటీ5ను పూర్తిగా ఆపే తొలి మందులు రక్తకణాలను కూడా బాగా తగ్గించాయి. మళ్లీ అదే ప్రశ్న: ఖాళీ ఎక్కడ?

జవాబు జన్యువుల ఇరుగుపొరుగులో దొరికింది. తొమ్మిదో క్రోమోజోమ్ మీద సీడీకేఎన్2ఎ అనే క్యాన్సర్ నిరోధక జన్యువు ఉంది. కణితులు దాన్ని పోగొట్టుకునేటప్పుడు పక్కనే ఉన్న ఎంటాప్ జన్యువు కూడా తరచూ ఊడిపోతుంది. అన్ని క్యాన్సర్లలో సుమారు 10 నుంచి 15 శాతంలో ఇలా జరుగుతుంది. ఎంటాప్ లేని కణంలో ఎంటీఏ అనే పదార్థం పేరుకుని పీఆర్‌ఎంటీ5ను అప్పటికే సగం అణచి ఉంచుతుంది. దీన్ని 2016లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి బయటపెట్టాయి. ఎంఆర్‌టీఎక్స్1719, ఏఎంజీ 193 అనే మందులు ఎంటీఏ అంటుకుని ఉన్న పీఆర్‌ఎంటీ5ను మాత్రమే గట్టిగా పట్టుకునేలా రూపొందాయి. ఎంటీఏ పేరుకోని ఆరోగ్యమైన కణాల్లో వాటి పట్టు బలహీనం. తొలి ప్రయత్నాల్లో ఎంటాప్ లేని కొన్ని కణితులు కుంచించుకుపోయాయి, రక్తకణాలు పాత మందులతో పడిపోయినట్లు పడిపోలేదు. పీఆర్‌ఎంటీ5 స్ప్లైసింగ్ ఒక్కటే చేయదు కాబట్టి ఈ విజయాన్ని పూర్తిగా స్ప్లైసింగ్ ఖాతాలో వేయలేం. ఎంపికతో దెబ్బకొట్టడం సాధ్యమని మాత్రం ఇది రోగుల్లోనే చూపింది.

రోగనిరోధక శక్తితో కలిపి

స్ప్లైసింగ్ చెడితే కణంలో ఎన్నడూ లేని ప్రోటీన్ ముక్కలు పుడతాయి. అవి కణం ఉపరితలం మీదికి చేరితే రోగనిరోధక కణాలకు పరాయివిగా కనిపిస్తాయి. 2021లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో ఇండిసులామ్ లాంటి స్ప్లైసింగ్ మందును రోగనిరోధక కణాలకు పగ్గం వేసే పీడీ-1ను అడ్డుకునే యాంటీబాడీతో కలిపి ఇస్తే, విడివిడిగా ఇచ్చినప్పటి కంటే కణితులు బాగా అణిగాయి. చంపేంత మోతాదు ఇవ్వకుండా, పరాయి ముక్కలు పుట్టేంత మాత్రమే ఇవ్వడం ఇక్కడి కిటుకు. అదే ఏడాది మరో బృందం, కోతపడని ఇంట్రాన్లు కణద్రవ్యంలోకి జారి జంట పోగుల ఆర్‌ఎన్‌ఏగా ముడిపడటం వల్ల రొమ్ము క్యాన్సర్ కణాలు వైరస్ సోకినట్లుగా స్పందిస్తున్నాయని చూపింది. మోతాదు తగ్గించే వీలున్న ఏ దారి అయినా ఈ రంగానికి విలువైనదే.

ఒక్క జన్యువునే తాకడం

ఎస్ఎమ్ఎన్ ప్రోటీన్ తక్కువైతే వచ్చే పిల్లల జబ్బు వెన్నెముక కండర క్షీణత. ఎస్ఎమ్ఎన్1 జన్యువు పోయినవారిలో దాదాపు అలాంటిదే ఎస్ఎమ్ఎన్2 మిగిలే ఉంటుంది కానీ, ఒక్క అక్షరం తేడా వల్ల దాని ఏడో ఎక్సాన్ చాలావరకు జారిపోతుంది. 2020 ఆగస్టులో అమెరికాలో ఆమోదం పొందిన రిస్డిప్లామ్ నోటితో తీసుకునే చిన్న అణువు. యు1 ఆర్‌ఎన్‌ఏ, ఏడో ఎక్సాన్ చివర జతకూడే చోట ఒక 'ఎ' జత కుదరక బయటికి పొడుచుకుని ఉంటుంది. ఈ వర్గపు అణువు అక్కడ చేరి ఆ జతను గట్టిపరుస్తుంది. ఎక్సాన్ నిలుస్తుంది, ప్రోటీన్ పుడుతుంది. మొత్తం యంత్రాన్ని ఆపకుండా ఎంపిక చేసిన అతుకును చిన్న అణువుతో మార్చవచ్చని మందుల షాపులో దొరికే రుజువు ఇదే.

ఈ రుజువుకు తెలుగునేలతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా రిస్డిప్లామ్ జనరిక్‌ను సిద్ధం చేయగా రోష్ కంపెనీ పేటెంటు దావా వేసింది. ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2025 మార్చిలో జనరిక్‌ను ఆపడానికి నిరాకరించింది. అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనం కూడా అదే చెప్పింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధరను 15,900 రూపాయలుగా ప్రకటించింది. అసలు మందు సీసా ధర లక్షల్లో ఉండేది. స్ప్లైసింగ్ మందులను చిన్న అణువులుగా తయారుచేయడం వల్ల కలిగే లాభాన్ని ఇక్కడే చూడాలి. వెన్నులోకి సూది ద్వారా ఎక్కించే జన్యు ముక్కల మందుతో పోలిస్తే దీన్ని తయారుచేయడం, ఇంటి దగ్గర ఇవ్వడం ఎంతో తేలిక. క్యాన్సర్‌కూ ఇలాంటి మందు వస్తే అది అందుబాటులో ఉండాలన్న మాటకు బలమైన పునాది ఇప్పటికే పడింది.

రిస్డిప్లామ్ కూడా ఎస్ఎమ్ఎన్2ను మాత్రమే తాకదు. దానికి ముందు పరీక్షించిన ఆర్‌జీ7800 ప్రయత్నం, కోతుల రెటీనాలో మార్పులు కనబడటంతో 2015లో ఆగింది. రిస్డిప్లామ్‌ను ఎంపిక చేసింది కొంత ఈ ఇబ్బంది తగ్గించడానికే. మరి ఏ జన్యువుల అతుకులు మారతాయని వెతికితే, తేలిన వాటిలో ఫాక్స్‌ఎం1 ఒకటి. కణవిభజనను నడిపించే ఈ జన్యువు చాలా క్యాన్సర్లలో రెచ్చిపోయి ఉంటుంది. ఒక జబ్బులో దుష్ప్రభావంగా చూడవలసినది మరో జబ్బులో వెతుకులాటకు మొదలు కావచ్చని పరిశోధకులు గమనించడం సహజం.

ఈ దారిలో క్యాన్సర్ రోగుల దాకా వచ్చిన అణువు ఆర్‌ఈఎం-422. అమెరికాలోని రెమిక్స్ థెరప్యూటిక్స్ తయారుచేసిన ఈ నోటి మందు, మిబ్ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏలోకి విష ఎక్సాన్‌ను చేర్పిస్తుంది. కణమే ఆ ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసుకుంటుంది, మిబ్ ప్రోటీన్ తగ్గుతుంది. మిబ్ డీఎన్‌ఏ మీద కూర్చునే ప్రోటీన్. మందు దూరేందుకు అందులో సరైన గుంట లేకపోవడంతో దాన్ని నేరుగా అడ్డుకోవడం దశాబ్దాలుగా కుదరలేదు. లాలాజల గ్రంథుల్లో పుట్టే ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా చాలావరకు మిబ్ మీదే నడుస్తుంది. దానికి సరైన మందు లేదు. ఆ రోగుల్లోనూ, మైలాయిడ్ లుకేమియాలోనూ తొలిదశ ప్రయత్నాలు సాగుతున్నాయి.

ఈ పద్ధతి ప్రతి క్యాన్సర్ జన్యువుకూ పనికిరాదు. రిస్డిప్లామ్ వర్గపు అణువులు ఎక్సాన్ చివర 'జి, ఎ' అక్షరాలున్న బలహీనమైన కోతస్థానాల దగ్గరే బాగా పనిచేస్తాయి. కావలసిన జన్యువులో అలాంటి స్థానం ఉండాలి. దాన్ని నిలబెట్టినప్పుడు ఆగుసంకేతం వచ్చేలా అమరిక కుదరాలి. అదే అక్షరాలున్న ఇతర జన్యువుల మీద దెబ్బ పడకూడదు. ఇందుకోసం పరిశోధకులు ఇప్పుడు జన్యుపటం అంతటా ఇంట్రాన్లలో దాగిన నిద్రాణ ఎక్సాన్లను వెతికి పట్టికలు వేస్తున్నారు. ఒక్కో అణువును కణాలకు ఇచ్చి, వేలకొద్దీ జన్యువుల అతుకులన్నింటినీ ఒకేసారి చదివి, ఏది మారింది, ఏది మారలేదు అని లెక్క తీస్తున్నారు. ఇ7107 రోజుల్లో రక్తకణాల్లో కొద్ది జన్యువులను చూసి మందు పనిచేస్తోందని తేల్చేవారు. ఇప్పుడు ఆ జాబితా మొత్తాన్ని మందు రోగిని చేరకముందే చదవగలుగుతున్నారు. కంటిని కాపాడవలసిన జాగ్రత్త మొదలయ్యేది కూడా అక్కడే.